నేను, నల్ల గొంగడిని

మెదక్ జిల్లాలో ఒక కురుమ కాపరి భుజం మీద ఉంటాను. మా దొడ్డిలోని దక్కనీ గొర్రెలన్నీ తలా ఇంత ఇచ్చిన ఉన్నితో పుట్టాను. ఏడాదికి రెండుసార్లు వాటికి ఉన్ని కత్తిరిస్తారు. ఇంటి ఆడవాళ్లు ఏకి, వడికి దారం తీశారు. దానికి చింతగింజల గంజి పట్టించి మగ్గం మీద నన్ను నేశారు. నాకు రంగు వేయలేదు, ఈ నలుపు ఆ గొర్రెలదే.

మాది చిన్న మంద. పగలు బీళ్లలో మేస్తుంది. కోతలయ్యాక రైతుల చేలల్లో మంద పెడతాం. జీవాల పెంటికతో, మూత్రంతో నేలకు బలం వస్తుంది, కాపరికి ధాన్యమో డబ్బో ముడుతుంది. ఆ రాత్రుళ్లు ఆయనకు పక్కా నేనే, దుప్పటీ నేనే.

చూడి గొర్రె అయిదు నెలలకు ఈనుతుంది. ముసురులో ఈనినా ఆయన తొందరపడి పిల్లను తుడవడు. ముందు తల్లి నాకాలి. ఆ వాసనతోనే అది తన పిల్లను గుర్తుపడుతుంది. తల్లి నాకడం అయ్యాకే పిల్లను నా మడతలో వెచ్చగా పెట్టి, గంటలోపే జున్నుపాలు తాగిస్తాడు. రోగాలను తట్టుకునే శక్తి పిల్లకు ఆ పాలతోనే వస్తుంది. తొలకరికి ముందు చిటుకు రోగం టీకా తప్పనిసరి. కొత్త చిగురు ఆబగా మేసిన పుష్టైన పిల్లలే ఆ రోగంతో ఉన్నట్టుండి కూలిపోతాయి.

2017లో ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున రాయితీ మీద ఇచ్చినప్పుడు మా వాకిట్లో దిగినవి నెల్లూరు గొర్రెలు. పొడుగైనవి, బరువు తూగేవి, ఉన్ని లేనివి. కొడుకు అడిగాడు: “నాయినా, నల్లయి అమ్మేద్దామా?”

“ముసురు పడితె నిలబడేటియి అవే బిడ్డా” అన్నాడు కాపరి.

ఆయన మాట నిజం. కానీ ఇప్పుడు ఉన్ని అమ్మితే కత్తిరింపు కూలి కూడా రావడం లేదు. ఉన్ని లేని పొట్టేళ్లు దాటితే పుట్టే పిల్లలకు ఉన్ని పలచబడుతుంది. ఇలాగే సాగితే నాలాంటి గొంగడి నేయడానికి దారమే ఉండదు.

జీవాలు పెంచే అన్నలారా, మాంసానికి ఏ జాతినైనా పెంచండి. మందలో నాలుగు నల్ల గొర్రెలను, వాటికి తోడు ఒక దక్కనీ పొట్టేలును మాత్రం ఉంచండి. ఊళ్లో నేసేవాళ్లుంటే వాళ్ల దగ్గరే ఒక గొంగడి కొనండి.