పేను పట్టిన చెరువుకు పరిమళ వైద్యం

ముందుగా చెప్పేదేమిటంటే, చెరువు కొలవకండి. కొలిస్తే మనసు విరిగిపోతుంది. ఎకరం చెరువులో ఐదడుగుల నీరుంటే సుమారు 60 లక్షల లీటర్లు. లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున వేసినా 60 కిలోల లవంగ నూనె కావాలి. కైకలూరు, ఆకివీడు వైపు ఎకరంతో ఆగే చెరువులెన్ని? అందుకే ఒక లీటరు లవంగ నూనె తెచ్చి గట్టంతా ఘుమఘుమలాడించండి. చేప పేనుకు కాకపోయినా పక్క రైతుకైనా తెలియాలిగా, మీరు వైద్యం చేయిస్తున్నారని.

చేపను పట్టి చూడాల్సిన పని కూడా లేదు. శీలావతి ఒళ్లు రుద్దుకుంటోందా? నూనె. పైకి వచ్చి నోరు తెరుస్తోందా? నూనె. చర్మం మీది పేను కంటికి కనబడుతుంది, మొప్పల్లోని పురుగుకు మైక్రోస్కోపు కావాలి, ఆక్సిజన్ తగ్గినా చేప అలాగే నోరు తెరుస్తుంది. ఈ గొడవంతా ల్యాబు వాళ్లది.

నూనెను ఆల్కహాల్‌లోనో మరోదానిలోనో కలిపి పలచన చేయమంటారు. వద్దు. తెల్లవారుజామున, నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిన వేళ, డబ్బా నేరుగా వంచేయండి. నూనె నీటిలో సరిగా కలవక కొన్నిచోట్లే చిక్కగా ఉండిపోతుంది. అటు వచ్చిన బొచ్చెలు కాస్త ఎక్కువ మోతాదు తీసుకుంటాయి. లవంగ నూనెలోని యూజినాల్ చేపలకు మత్తుమందు. బరువు తూచేటప్పుడు, శస్త్రచికిత్స చేసేటప్పుడు వాడతారు. కాబట్టి బొచ్చె వెల్లకిలా తేలితే హాయిగా నిద్రపోయిందనుకోండి. ఒంటికి అంటుకున్న పేనుకూ కుదుపులు తప్పుతాయి, రక్తం స్థిమితంగా తాగుతుంది.

ఇక అసలు రహస్యం. చెరువులోని వెదురు గెడల్ని ముట్టుకోకండి. పేను చేప మీద గుడ్లు పెట్టదు. చేపను వదిలి వచ్చి గెడలకు, రాళ్లకు, మనం తవుడు నింపి కట్టే మేత సంచులకు బంక పెట్టినట్టు వరసగా అతికిస్తుంది. పైన గట్టి పెంకు ఉంటుంది, మందు దిగడం కష్టం. మన నీళ్ల వేడికి రెండు మూడు వారాల్లో పిల్లలు బయటికొస్తాయి. గెడలు, సంచులు తీసి బాగా ఎండబెడితే చాలు, గుడ్లు చస్తాయి. ఖర్చు లేదు. ఖర్చు లేని వైద్యాన్ని ఎవరు నమ్ముతారు, చెప్పండి? అందుకే గెడలు అక్కడే ఉండనివ్వండి. వచ్చే నెల కూడా నూనె అమ్ముడుపోవాలి కదా.

పేనుది రొయ్య చుట్టరికం. దాన్ని చంపే మోతాదు జంతుప్లవకాలనూ వదలదు. బొచ్చెకు అవే ఆహారం. చెరువులో మంచినీటి రొయ్య కూడా వేసి ఉంటే దాని సంగతి నన్ను అడగొద్దు.

పేను మళ్లీ కనిపిస్తే బ్రాండు మార్చండి. లవంగం పోయి నిమ్మగడ్డి, అది పోయి యూకలిప్టస్. ముందు టబ్బులో పది చేపల మీద వేసి చూడమని ఎవరైనా అంటే అస్సలు వినకండి. వాళ్ల దగ్గర అమ్మడానికి డబ్బా లేదు.