తొందరపడి చలానా కట్టకండి

ట్రాఫిక్ చలానా పడిందని ఫోనుకు మెసేజ్ రాగానే కట్టేసే అలవాటు మీకుంటే, తెలంగాణలో నెగ్గుకురావడం కష్టం. మీలాంటి వాళ్ల కోసం ప్రభుత్వం ఇంతవరకూ ఏ పథకమూ పెట్టలేదు. పెట్టిన రెండూ కట్టనివాళ్లకే పెట్టింది.

మొదటిది 2022 మార్చిలో వచ్చింది. బైకులకు 75 శాతం తగ్గింపు, కార్లకు 50, ఆర్టీసీ బస్సులకు 70, తోపుడు బండ్లకు 80. (తోపుడు బండి ఏ సిగ్నల్ దూకిందో, ఎంత స్పీడులో కెమెరాకు చిక్కిందో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ కోరికే.) మాస్కు పెట్టుకోలేదని వేసిన వెయ్యి రూపాయల జరిమానా వందకు దిగింది. నెలాఖరుకు ముగియాల్సిన మేళా ఏప్రిల్ 15 దాకా సాగింది. 2023 ఫిబ్రవరిలో కర్ణాటక కూడా 50 శాతంతో బరిలోకి దిగిందిగానీ, మన 75 ముందు వాళ్ల 50 ఏ మూలకు?

ఆ డిసెంబరులో ఇక్కడ ప్రభుత్వం మారింది. పాతవాళ్లు చేసిన ప్రతి పనినీ తవ్వితీసి తప్పుపడుతున్న రోజులవి. ఈ ఒక్క పని మాత్రం కొత్తవాళ్లకూ నచ్చింది. గద్దెనెక్కి మూడు వారాలు తిరక్కుండానే, డిసెంబరు 26న రెండో మేళా తెరిచారు. బైకులకు 80, కార్లకు 60, ఆర్టీసీ బస్సులకు ఏకంగా 90. గడువు జనవరి 10 అన్నారు. అది 31కి జరిగింది. అక్కణ్నుంచి ఫిబ్రవరి 15కి జరిగింది. ఆషాఢం సేల్‌లో చీరలమ్మే షాపువాళ్లకు కూడా ‘ఆఖరి మూడు రోజులు’ బోర్డును ఇన్నిసార్లు విప్పి కట్టే ధైర్యం ఉండదు.

ఆర్టీసీ సంగతి మరీ ముచ్చటైనది. ప్రభుత్వ బస్సు ప్రభుత్వానికి బాకీపడిన జరిమానాలో తొంభై శాతాన్ని ప్రభుత్వమే మాఫీ చేసి, మిగతా పది శాతాన్ని ఆ ప్రభుత్వ సంస్థనే కట్టమంది. ఇందులో ఎవరు శిక్ష అనుభవించారో చెప్పగలిగినవాళ్లకు ఆర్థిక శాఖలో మంచి భవిష్యత్తు ఉంది.

ఇప్పుడు ఇద్దరు బైకువాళ్లను తీసుకుందాం. ఇద్దరికీ ఒకే చౌరస్తాలో, ఒకే రోజు వెయ్యి రూపాయల చలానా పడింది. ఒకడు ఆ సాయంత్రమే ఆన్‌లైన్లో కట్టేశాడు. రెండోవాడు మెసేజ్ చదివి నవ్వుకుని, నంబరు ప్లేటు మీద చివరి అంకె కనపడకుండా ఒక మాస్కు తగిలించి ఊరు తిరిగాడు. ఏడాది తర్వాత రెండోవాడు రెండొందలు కట్టి, ప్రభుత్వానికి సహకరించిన పౌరుల లెక్కలోకి ఎక్కాడు. మొదటివాడి ఎనిమిది వందలు వెనక్కివ్వాలన్న ఆలోచన ఏ జీవోలోనూ లేదు. తప్పు ఇద్దరూ చేశారు. మొదటివాడు చేసిన అదనపు నేరం చట్టాన్ని నమ్మడం.

దీనికి ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని తిట్టి లాభం లేదు. ఎండలో నిలబడి కెమెరా నొక్కడమే ఆయన పని, రేటు ఆయన పెట్టలేదు. రేట్లు పెట్టేది చట్టసభలు, వాటిని విప్పి చూసి, బేరమాడి, కోసేది ప్రభుత్వాలు. ఆ బేరం ఎలా సాగిందో 2019 నుంచి చూస్తే తప్ప ఈ మేళాల మహిమ అర్థం కాదు.

ఆ ఏడాది జూలై, ఆగస్టుల్లో పార్లమెంటు 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని సవరించింది. హెల్మెట్ లేకపోతే వంద కాస్తా వెయ్యి అయింది, పైగా మూణ్నెల్లు లైసెన్సుకు సెలవు. లైసెన్సు లేకుండా నడిపితే 500 బదులు 5,000. తాగి నడిపితే 2,000 కాదు, 10,000. మైనరు కొడుకు చేతికి బండి ఇచ్చి వాడు దొరికితే తండ్రికి 25,000 జరిమానాతో పాటు మూడేళ్ల దాకా జైలు. సెప్టెంబరు 1న చట్టం అమల్లోకి వచ్చింది. ఆ వెంటనే గురుగ్రామ్‌లో ఒక స్కూటీకి 23 వేల చలానా పడింది. బండి ఖరీదే పదిహేను వేలని యజమాని మొత్తుకుంటే దేశమంతా జాలిపడింది. ఆ జాలిలో న్యాయం లేదనను. కూలికెళ్లే మనిషికి పది వేలంటే ఒక నెల ఇంటి ఖర్చు.

ఆ జాలి రాష్ట్రాలకు పాకింది. బెంగాల్ మాకొద్దంది. సరే, కేంద్రం తూర్పంటే వాళ్లు పడమరంటారు. కానీ చట్టానికి పది రోజులు నిండకుండానే, సెప్టెంబరు 10న, కేంద్రంలో ఉన్న పార్టీయే ఏలుతున్న గుజరాత్ రేట్లు కోసేసింది. హెల్మెట్‌కు వెయ్యి కాదు, 500 చాలంది. డిసెంబరులో ఇంకో అడుగు ముందుకేసి పట్టణాల్లో హెల్మెట్టే అక్కర్లేదంది, తర్వాత నాలుక కరుచుకుంది. తెలంగాణలో నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు అదే సెప్టెంబరులో అసెంబ్లీలోనే కొత్త చట్టాన్ని అమలు చేయబోమని ప్రకటించారు. పార్లమెంటు పాస్ చేసి రాష్ట్రపతి సంతకం పెట్టిన చట్టం ఇక్కడ గడప దాటి లోపలికి రాలేదు.

ఇంతకీ ఆ చట్టంలోనే 210ఏ అని ఒక సెక్షన్ ఉంది. రాష్ట్రాలు జరిమానాను ఒకటి నుంచి పది రెట్ల దాకా చేసుకోవచ్చని దాని సారం. పెంచుకోవడానికి దారి ఉంది, దించుకోవడానికి లేదు. దించడం కుదరదని అటార్నీ జనరల్ కూడా తేల్చి చెప్పారు. కేంద్రం 2020 జనవరిలో రాష్ట్రాలకు ఆ ముక్కే రాసి పంపింది. లేఖ అందినట్టు రాష్ట్రాలు రసీదు ఇచ్చే ఉంటాయి.

ఆంధ్రప్రదేశ్ మాత్రం 2020 అక్టోబరులో రేట్లు పెంచింది. దాంతో విజయవాడ హైవే మీద ఒక వింత ఏర్పడింది. రూలు తప్పుతూ కోదాడ నుంచి బయల్దేరిన బైకువాడు గరికపాడు చెక్‌పోస్టు దాటి జగ్గయ్యపేట వైపు దిగగానే అతని తలకు ప్రభుత్వం కట్టే ధర కొన్ని రెట్లు పెరుగుతుంది. రోడ్డు అదే, తల అదే. తిరుగు ప్రయాణంలో మళ్లీ పాత ధరకు దిగుతుంది.

ఈ ధరల చర్చ అంతటిలోనూ ఎవరి నోటా పెద్దగా వినపడని అంకె ఒకటి కేంద్ర రవాణా శాఖ సొంత నివేదికలోనే ఉంది. 2022లో దేశంలో రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. వారిలో హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50,029. అందులో పద్నాలుగు వేల పైచిలుకు మంది వెనక సీట్లో కూర్చున్నవాళ్లు. హెల్మెట్ పెట్టుకోవాల్సింది నడిపేవాడొక్కడే అని నమ్మేవాళ్లు మన వీధిలో ఎంతమంది ఉన్నారో, చట్టసభలోనూ అంతమందే ఉండి ఉంటారు.

నా పేచీ రేటు ఎక్కువనో తక్కువనో కాదు. వెయ్యి అని రాసి రెండొందలకు దిగే జరిమానా కంటే, వంద అని రాసి వందా వసూలు చేసే జరిమానా మేలు. దొరికితే కట్టక తప్పదన్న నమ్మకం మనిషిని ఆపుతుంది, కాగితం మీది సున్నాలు ఆపవు. ఆ నమ్మకం మీద గొడ్డలి వేసి, దాన్ని వసూళ్ల విజయమని ప్రెస్‌మీట్ పెట్టే ప్రభుత్వాలు మనవి.

ఇక లైసెన్సు దగ్గరికి వద్దాం. అసలు సరుకు అక్కడుంది. లైసెన్సు లేకుండా నడిపితే 5,000 అన్న అదే 2019 జూలైలో, కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ లోక్‌సభలో నిలబడి దేశంలో 30 శాతం లైసెన్సులు బోగస్‌వని చెప్పారు. చెప్పింది ప్రతిపక్షం కాదు, పత్రికలు కాదు, ఆ శాఖ మంత్రే. అంటే ప్రతి పదిమందిలో ముగ్గురి జేబులో ఉన్న కార్డుకు అర్థం లేదు. మిగతా ఏడుగురి కార్డుకు ఏమర్థం ఉందో కూడా కాస్త చూడాలి.

ముందు ఎల్‌ఎల్‌ఆర్. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇరవై ప్రశ్నలు వస్తాయి. పన్నెండు ఒప్పయితే పాస్. మిగతా ఎనిమిది తెలియకపోయినా రోడ్డెక్కవచ్చు. ఆ ఎనిమిదిలో ‘అంబులెన్సు వస్తుంటే ఏం చేయాలి’ అన్నది ఉందో, ‘జీబ్రా గీతల మీద మనిషి ఉంటే ఏం చేయాలి’ అన్నది ఉందో ఎవరూ అడగరు. మన చౌరస్తాలు చూస్తే రెండూ ఉన్నాయనే నా అనుమానం.

నెల తర్వాత అసలు పరీక్ష. బైకువాళ్లు ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి. కారువాళ్లు హెచ్ అక్షరం గీయాలి. ఎనిమిది ఆకారంలో ఉన్న రోడ్డు నేను తెలుగు నేలలో ఎక్కడా చూడలేదు. ఉన్నవేమిటంటే, యూటర్న్ అరకిలోమీటరు దూరమని రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ఆటోలు, సగం రోడ్డు మీద డీజేతో నిలబడిపోయిన పెళ్లి బరాత్, రాత్రికి రాత్రి పోసి రంగు వేయని స్పీడ్ బ్రేకర్, గంటకు 120 దాకా అనుమతి ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీదికి పక్క దారి నుంచి నలభైలో దూసుకొచ్చే లారీ. వీటిలో ఒక్కటీ పరీక్షలో రాదు. ట్రాక్ మీద ఎనిమిది తిప్పి నెగ్గినవాడు ఆ తర్వాత జీవితంలో ఇంకెప్పుడూ ఎనిమిది తిప్పడు.

ఆ ట్రాక్ దాకా కూడా సొంతంగా వెళ్లేవాళ్లు కొందరే. ఆర్టీవో ఆఫీసు గేటు బయట జిరాక్స్ షాపులో లాప్‌టాప్ ముందు కూర్చున్న అన్నకు అన్నీ తెలుసు. స్లాట్ ఏ రోజు తీసుకోవాలి, ఏ రోజు ఏ సారు ఉంటారు, ఎల్‌ఎల్‌ఆర్‌తో కలిపి ప్యాకేజీ ఎంత, ట్రాక్ మీద కాలు కింద పెడితే ఎంత, పెట్టకపోతే ఎంత. ప్రభుత్వం ఆన్‌లైన్ చేసిన ప్రతి పనిలో ఆయనకు ఇంకో సేవ దొరికింది. పాపం, మేళాలు ఆయన పెట్టడు. ఆయనది స్థిరమైన రేటు, మాట ఇచ్చాక ఒక్క రూపాయి తగ్గించడు, ఒక్క రోజు గడువు జరపడు. రవాణా శాఖలో నియమం ప్రకారం నడిచేది ఆయనొక్కడే అని ఒక్కోసారి అనిపిస్తుంది.

కేంద్రం దీనికీ ఒక మందు కనిపెట్టకపోలేదు. గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రాల నియమాలు 2021 జూలై నుంచి అమల్లో ఉన్నాయి. అక్కడ కారు నేర్చుకోవడానికి నాలుగు వారాల్లో 29 గంటలు, అందులో 8 గంటలు పాఠం. నెగ్గితే ఆర్టీవో పరీక్షే అక్కర్లేదు. ఆలోచన చెడ్డదేమీ కాదు. మన ఊళ్లలో ఎన్ని చోట్ల అలాంటి కేంద్రం వెలిసింది, ‘వారం రోజుల్లో కారు నేర్పబడును’ అన్న బోర్డులు ఎన్ని చోట్ల దిగాయి అన్న చర్చకు మాత్రం ఏ సభలోనూ ఒక పూట దొరకదు.

ప్రభుత్వాలకు వేగం చేతకాదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. తెలంగాణలో బండ్ల నంబర్లు టీఎస్ నుంచి టీజీకి మారిన తీరు చూడండి. 2024 ఫిబ్రవరి మొదట్లో మంత్రివర్గం నిర్ణయించింది, మార్చి 15 నుంచి కొత్త బండ్లకు టీజీ. మధ్యలో కేంద్రం నోటిఫికేషన్ కూడా వచ్చింది. ఉద్యమం రోజుల్లో జనం తమంత తాముగా ప్లేట్ల మీద టీజీ రాసుకున్నారు, ఆ మనసును గౌరవించడంలో తప్పు లేదు. నలభై రోజుల్లో ఢిల్లీకీ హైదరాబాదుకూ మధ్య ఫైలు ఇంత చురుగ్గా పరుగెత్తగలదని తెలియడమే నాకు ఆశ్చర్యం. హెల్మెట్ ఫైలుకు ఆ రోడ్డు ఎవరూ చూపించలేదనుకుంటాను.

చివరిగా, ఈ చట్టాలు చేసేవాళ్ల బండ్ల ముచ్చట. 2017 మే 1 నుంచి ఎర్ర బుగ్గలు పోయాయి. వాటి స్థానంలో అద్దం మీద ‘ఎమ్మెల్యే’ స్టిక్కర్ కొలువుదీరింది. ఎమ్మెల్యే ఒక్కరే అయినా స్టిక్కర్లు బావమరిదికి, పీఏకి, పీఏ బావమరిదికి కూడా సరిపోతాయి. కార్లకు నల్ల ఫిల్ములు వద్దని సుప్రీంకోర్టు 2012లోనే తీర్పిచ్చింది. స్టిక్కర్ ఉన్న అద్దానికి ఆ తీర్పు అతుక్కోదు కాబోలు. ఎన్నికల ర్యాలీలో వందల బైకులు, మెడలో కండువాలు, ఒక్క తల మీదా హెల్మెట్ ఉండదు. పెట్టుకుంటే ఫోటోలో ఎవరెవరో లీడరన్నకు తెలియదు కదా. అన్నేమో కారు సన్‌రూఫ్‌లోంచి నడుము దాకా పైకి లేచి దండాలు పెడుతుంటాడు. సీటు బెల్టు కింద, ఖాళీ సీటుకు తోడుగా ఉంటుంది.

2019 సవరణలో 210బీ అని ఇంకో సెక్షన్ కూడా ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ చట్టాన్ని అమలు చేయాల్సినవాళ్లే దాన్ని మీరితే జరిమానా రెట్టింపు. హెల్మెట్ లేని కానిస్టేబుల్‌కు రెండింతలు పడాలి. మంచిదే. అమలు చేసేవాడికి రెట్టింపు అయినప్పుడు, చట్టం చేసినవాడికి మూడింతలు ఉండాలి కదా? ఈ ఒక్క వాక్యం చేర్చమని ఎవరైనా సభ్యుడు ప్రైవేటు బిల్లు పెడితే చూడాలని ఉంది. ఆ రోజు సభలో హాజరు నూటికి నూరు ఉంటుంది. ప్రతిపక్షం వాకౌట్ చేయదు, అధికారపక్షం అడ్డుతగలదు, స్పీకర్ గారు మైకులు కట్ చేయాల్సిన పని పడదు. భోజన విరామానికి చాలా ముందే బిల్లు మూజువాణి ఓటుతో వీగిపోతుంది. పెట్టిన సభ్యుడు కూడా ‘కాదు’ అనేవాళ్లతో గొంతు కలుపుతాడు.