డివైస్ సూత్ర వ్యాఖ్య, టీకా తాత్పర్య సహితం

మూలం: డివైస్ అనగా డివైస్ సర్వరునందు నడచునదియు, డివైస్ క్లాసునకు ఉదాహరణమైనదియు, భౌతికమైనను తార్కికమైనను కాదగినదియునగు వస్తువు.

అవతారిక: సింక్రోట్రాన్, భారీ టెలిస్కోపు వంటి చోట్ల వేలకొద్దీ పంపులూ మోటార్లూ విద్యుత్ సరఫరాలూ ఒకే కంప్యూటరు అదుపులో ఇమడవు కనుక, పనిని అనేక కంప్యూటర్లకు పంచి, వాటన్నింటినీ నెట్‌వర్కుతో కలిపి, ఒక కంట్రోల్ రూమ్ నుంచి నడిపించే ఏర్పాటును డిస్ట్రిబ్యూటెడ్ కంట్రోల్ సిస్టమ్ అంటారు. అందుకు కావలసిన సాఫ్ట్‌వేరును ప్రతి ప్రయోగశాలా మొదటినుంచి రాసుకునే అవస్థ లేకుండా ముందే కట్టి ఉంచిన చట్రాలకు ఫ్రేమ్‌వర్కులని పేరు; వాటిలో 1980ల చివర అమెరికాలోని లాస్ అలమోస్, ఆర్గాన్ ప్రయోగశాలలు కలిసి పెంచిన ఎపిక్స్, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్‌లో పుట్టిన టాంగో బాగా వ్యాప్తిలో ఉన్నవి. వీటిమీద కట్టే ప్రతి వ్యవస్థకూ ఒక రూపకల్పన పత్రం, ఆ పత్రం మొదట్లో నిర్వచనాల అధ్యాయం ఉండి తీరాలన్నది శిష్టాచారం. పై సూత్రం ఏ ఒక్క పత్రం నుంచీ ఎత్తి రాసింది కాదు. టాంగో సంప్రదాయంలో ఆ అధ్యాయాలు నడిచే తీరును బట్టి వ్యాఖ్యానం కోసం కూర్చినది.

ప్రతిపదార్థం: 'అనగా' మొదలైన పదాలు సుబోధాలు కనుక వాటికి అర్థం రాయనక్కరలేదు, 'డివైస్' అన్నది ఇంకా నిర్వచనం పొందని పదం కనుక దానికి అర్థం రాయకూడదు. మిగిలినవి రెండు. డివైస్ సర్వర్ అంటే ఒకటో అంతకు మించో డివైస్ క్లాసులను తనలో ఉంచుకుని, వాటి డివైస్‌లను నడిపే ప్రోగ్రాము. డివైస్ క్లాస్ అంటే ఒక జాతి డివైస్‌లన్నింటికీ ఉమ్మడిగా కమాండ్లు అనే ఆజ్ఞలనూ, ఆట్రిబ్యూట్లు అనే చదవదగిన, కొన్నిచోట్ల మార్చదగిన విలువలనూ, ప్రాపర్టీలు అనే ముందే అమర్చి ఉంచే వివరాలనూ విధించే నమూనా. ఒక వస్తువు తనకు తానే ఆధారమైతే ఆత్మాశ్రయమనీ, రెండు ఒకదానిమీద ఒకటి వాలితే అన్యోన్యాశ్రయమనీ, మూడు చేరి గుండ్రంగా తిరిగితే చక్రకమనీ తార్కికులు దోషాలను వేరువేరుగా లెక్కపెట్టగా, సూత్రకారుడు మూడింటినీ ఒకే వాక్యంలో సాధించాడు.

తాత్పర్యం: డివైస్ అంటే డివైస్.

విశేషం: మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ వ్యాఖ్యానానికి పూనుకున్నవాడు మెదక్ సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి, ప్రస్తుత వ్యాఖ్యకు ఆ వ్రతం లేదు కనుక లక్షణమంటే, అనగా నిర్వచనమంటే, ఏమిటో ఇక్కడ కొంత విచారించవచ్చు. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో ఆవును నిలబెట్టి లక్షణ దోషాలను మూడుగా తేల్చాడు. కపిలవర్ణం గలది ఆవు అంటే తెల్లావు మిగిలిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా వచ్చి చేరుతుంది, అది అతివ్యాప్తి. చీలని గిట్ట గలది ఆవు అంటే లోకంలోని ఏ ఆవుకూ అది పట్టదు, అది అసంభవం. నిలిచిన లక్షణం గంగడోలు. ఒంగోలు గిత్త మెడకింద వేలాడే మడతలను చూసినవారికి ఈ సిద్ధాంతం మీద అనుమానం పుట్టదు. అయితే టాంగో జన్మస్థలమైన గ్రెనోబుల్ చుట్టూ ఆల్ప్స్ పచ్చికల్లో మేసే ఆవుల గంగడోలు మన జాతుల దానితో పోలిస్తే చిన్నది కనుక అక్కడ లక్షణం తప్పదా అని శంక రావచ్చు. చిన్నదైనంత మాత్రాన లేనిది కాదు కనుక తప్పదని సమాధానం. మహాభాష్యం ఆరంభంలో పతంజలి గంగడోలుతోపాటు తోకనూ మూపురాన్నీ గిట్టలనూ కొమ్ములనూ పేర్కొన్నాడు, ఆల్ప్స్ ఆవుకు మూపురమే లేదు గదా అని మరొక శంక. పతంజలి అక్కడ చర్చించినది శబ్దాన్ని గురించి, పశువును గురించి కాదు గనుక ఆ మూపురం ఆయనకు బాధకం కాదు. మన్నులో కలిసిన ఎందరో పండితులు ఒక ఆవు కోసం ఇంత శ్రమపడ్డారు.

డివైస్ విషయానికి వస్తే, 'భౌతికమైనను తార్కికమైనను' అనడంతో లోకంలో ఏదీ వెలుపల మిగలలేదు. టాంగోలో డివైస్ ఒక పంపు కావచ్చు, పంపుల వరుస కావచ్చు, ఏ యంత్రమూ లేకుండా వట్టి లెక్క కావచ్చు; ఈ వెసులుబాటు మంచిదే, పని దానివల్లనే సాగుతుంది. కాని దేనినీ వేరుచేయని లక్షణాన్ని లక్షణమని అచ్చువేయడం, దానికి 3.1.4 అని సంఖ్య ఇవ్వడం, సమీక్షా సంఘం దాన్ని పదే పదే చదివి ఒక కామా మార్చి ఆమోదించడం ఎందుకో బోధపడదు. ప్రమేయత్వం, అంటే తెలియదగి ఉండటం, అన్నింటికీ ఉన్న ధర్మమని నైయాయికులు ఒప్పుకున్నారే గాని దానితో ఆవును గుర్తుపట్టమని ఎవరికీ చెప్పలేదు. డివైస్ స్థితులు మాత్రం 14గా స్థిరపడ్డాయి. వాటిలో చివరిదైన అన్‌నోన్, ఉన్నదనీ లేదనీ చెప్పరానిది కనుక, అద్వైతుల అనిర్వచనీయానికి సన్నిహితం.

ఎపిక్స్ పరిభాషలో అవ్యాప్తికి మంచి ఉదాహరణ దొరుకుతుంది. ఐఓసీ అంటే ఇన్‌పుట్ అవుట్‌పుట్ కంట్రోలర్. ఒకప్పుడు అది పరికరాల తీగలు వచ్చి చేరే, వీఎంఈ అనే తరహా కంప్యూటరు పెట్టె. ఇప్పుడు సాఫ్ట్ ఐఓసీ అనేది ఉంది: దానికి తీగ ఒక్కటీ లేదు, మామూలు కంప్యూటరులో నడిచే ప్రోగ్రాము మాత్రమే, అయినా ఐఓసీయే. అక్కడ డేటాబేస్ అంటే బ్యాంకులూ రైల్వేలూ వాడే డేటాబేస్ కాదు. ఐఓసీ తన మెమరీలోకి ఎక్కించుకునే రికార్డుల సముదాయం. రికార్డుకు ఫీల్డులనే గళ్లుంటాయి. రికార్డు పేరు, చుక్క, ఫీల్డు పేరు కలిస్తే ప్రాసెస్ వేరియబుల్, వాడుకలో పీవీ. ఆ పేరు గలవారు ఎవరని క్లయింటు నెట్‌వర్కు అంతటా కేకవేస్తే, ఉన్న ఐఓసీ పలుకుతుంది. చక్కని ఏర్పాటు, ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. పత్రాల్లో దీనికి నాలుగు పుటలు.

ఎపిక్స్‌లో అలారం తీవ్రతలు నాలుగు: నో అలారం, మైనర్, మేజర్, ఇన్‌వాలిడ్. కొలత అపాయకరంగా ఉండటం కంటే కొలతే నమ్మదగనిది కావడాన్ని పై మెట్టున నిలిపిన వారి వివేకాన్ని మెచ్చుకోవాలి. కాని విలువ మరీ ఎక్కువైందని చెప్పే హైహై హద్దును ఒక గడిలో రాసినా, దాని తీవ్రతను చెప్పే హెచ్‌హెచ్‌ఎస్‌వీ గడిని నింపకపోతే అది నో అలారంగానే ఉండిపోయి, హద్దు దాటినా గంట మోగదు. అలారం అన్న పదానికి పత్రంలో ఆరు పంక్తుల నిర్వచనం రాసినవారే ఈ గడిని మరిచిపోవడం అరుదు కాదు.

రికార్డులో డీఈఎస్‌సీ అనే మరొక గడి ఉంది; ఆ పీవీ ఏమిటో మామూలు మాటల్లో చెప్పడానికే దాన్ని పెట్టారు, అందుకే చాలాచోట్ల అది ఖాళీ. రాత్రి రెండు గంటలకు తెరమీద 'వీఏసీ-ఎస్03-పీ12' ఎర్రబడి, పక్కన మేజర్ అని పడినప్పుడు, డ్యూటీలో ఉన్న ఆపరేటరు ఏ గదికి పరుగెత్తాలో ఆ గడి చెప్పాలి. అది చెప్పదు, నిర్వచనాల అధ్యాయమూ చెప్పదు, పేరు పెట్టినవారు ఆ వేళ నిద్రలో ఉంటారు. చోటు చాలదనడానికి వీల్లేదు. గడిలో 40 బైట్లు పడతాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు చిహ్నం ఒక్కొక్కటి మూడు బైట్లు మింగినా, 'ఉత్తర పంపు గది' అని రాస్తే ఖాళీలతో కలిపి 38 బైట్లే అవుతుంది.