హాఫ్ టికెట్టుకు ఆరు వరుసలు

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో బీడీడీ (బిహేవియర్ డ్రివెన్ డెవలప్‌మెంట్, అంటే ప్రోగ్రాం ఎలా నడవాలో ముందే ఉదాహరణలుగా రాసుకునే పద్ధతి) అన్న మాట వినబడగానే ముగ్గురికి మూడు రకాలుగా ఉంటుంది. బిజినెస్ ఎనలిస్టుకు "టెస్టులు కూడా నా నెత్తినే పడతాయేమో" అని గుబులు. డెవలపర్‌కు "ఇంకో మీటింగా!" అని నీరసం. టెస్టర్‌కు మాత్రం ఊరట. పాత ఎక్సెల్ షీటు ఎలాగూ ఉంది, కాపీ కొట్టి పేస్ట్ చేస్తే పనైపోతుంది.

పట్టికలతో టెస్టులు రాయడం నిన్నమొన్నటి ముచ్చటేమీ కాదు. వికీని కనిపెట్టిన వార్డ్ కన్నింగ్‌హామ్ 2002లోనే ఫిట్ అనే పనిముట్టు తెచ్చాడు. మామూలు పట్టిక గీసి ఇస్తే, అది ప్రోగ్రాంను నడిపి, సరిపోయిన గడికి పచ్చరంగు, తేడా వచ్చిన గడికి ఎర్రరంగు పూసేది. 2006లో డాన్ నార్త్ ఒక వ్యాసం రాసి బీడీడీని జనంలోకి తెచ్చాడు. 2008లో అస్లాక్ హెలెసోయ్ ఆ పద్ధతికి కుకుంబర్ అనే పనిముట్టు మొదలుపెట్టాడు. అందులో టెస్టులు రాసే భాష ఘెర్కిన్.

ఘెర్కిన్‌లో తెలుగులోనూ రాయొచ్చు. కాకపోతే ఫైలు మొదటి వరుసలో భాష కోడు 'టీఎల్' అని పెట్టాలి. లోకమంతా తెలుగుకు వాడే 'టీఈ' పెడితే, అలాంటి భాష తనకు రాదని కుకుంబర్ మొండికేస్తుంది. ఐఎస్‌ఓ లెక్కలో టీఎల్ ఫిలిప్పీన్స్ వాళ్ల తగలాగ్ భాషది. మన ఫైలు మనీలా పాస్‌పోర్టు మీద తిరుగుతుందన్నమాట.

రైల్వే పిల్లల టికెట్టునే తీసుకుంటే పట్టిక ఇలా ఉంటుంది:

ఉదాహరణలు:
| వయసు | బెర్తు | చార్జీ |
| 4 | వద్దు | లేదు |
| 4 | కావాలి | పూర్తి |
| 5 | వద్దు | సగం |
| 11 | వద్దు | సగం |
| 11 | కావాలి | పూర్తి |
| 12 | వద్దు | పూర్తి |

మీటింగు రెండో వరుస దగ్గర వేడెక్కుతుంది. "ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్టే లేదు కదండీ, పూర్తి చార్జీ ఏమిటి?" అంటాడు డెవలపర్. "బెర్తు అడిగితే ఉంది. అడక్కపోతే వాళ్లమ్మ పక్కనే సర్దుకోవాలి" అంటాడు ఎనలిస్టు. నియమాన్ని పేరాగా చదివినప్పుడు తలాడించిన వాళ్లే, గడి నింపాల్సి వచ్చేసరికి లాయర్లవుతారు. 2016 ఏప్రిల్‌కు ముందైతే పదకొండేళ్లవాడికి సగం చార్జీకే బెర్తు దొరికేది. రైల్వే ఆ నియమం మార్చినప్పుడు ఇలాంటి పట్టికలో దిద్దాల్సింది ఐదో వరుసలో ఒక్క గడి.

పట్టికల్లో రెండు జాతులున్నాయి. పై రకంలో వరుస వరుసకూ టెస్టు మళ్లీ మొదటినుంచి నడుస్తుంది. రెండోది డేటా టేబుల్. అది టెస్టులోని ఒక్క స్టెప్పు కింద కూర్చుని, మొత్తం ఒకేసారి ఆ స్టెప్పుకు అందుతుంది. ఒక టికెట్టు మీద ఆరుగురు ప్రయాణికులుంటే వాళ్ల పేర్లు రాయాల్సింది రెండోదాంట్లో. పొరపాటున మొదటిదాంట్లో రాస్తే టెస్టు ఆరుసార్లు నడిచి, ఆరు టికెట్లు తీసి, ఒకే కుటుంబాన్ని ఆరుగురు ఒంటరి ప్రయాణికులుగా రైలెక్కిస్తుంది. అన్నీ పచ్చగానే వస్తాయి.

డేటా టేబుల్‌లో ఖాళీ గడి ఇంకో తంటా. జావా కుకుంబర్ దాన్ని ఖాళీ మాటగా తీసుకోదు, నల్‌గా, అంటే అసలేమీ లేనట్టుగా అందిస్తుంది. 'ఇంటిపేరు రాయకపోతే ఏమవుతుందో చూద్దాం' అని గడి వదిలేస్తే, చూడబోయిన సంగతి చూడకముందే ప్రోగ్రాం బోర్లా పడొచ్చు. ఖాళీ మాటే కావాలంటే గడిలో 'బ్లాంక్' లాంటి గుర్తొకటి పెట్టి, దాని అర్థమేమిటో కోడ్‌లో ముందే చెప్పి ఉంచాలి.

ఇక అందం సంగతి. నిలువు గీతలు వంకరగా ఉన్నా కుకుంబర్‌కు పట్టింపు లేదు, పట్టింపంతా టెస్టర్‌దే. ఒక్క గడిలో పొడుగాటి స్టేషన్ పేరు చేరగానే టెస్టర్ మొత్తం పట్టికను సర్దేస్తుంది. మార్చింది ఒక్క గడే అయినా, రివ్యూలో అన్ని వరుసలూ మారినట్టే కనబడతాయి. చూసేవాడు ఒకసారి నిట్టూర్చి, చదవకుండానే అప్రూవ్ నొక్కుతాడు.

అసలు జబ్బు మాత్రం వరుసలు పెరగడం. పట్టిక పెళ్లి పిలుపుల జాబితా లాంటిది. చేర్చేవాళ్లే తప్ప కొట్టేసేవాళ్లు ఉండరు. ఒక ఆఫీసులో పై ఆరు వరుసలూ పెరిగి పెరిగి నూట ఇరవై అయ్యాయి. ఆరేళ్ల పిల్ల, ఏడేళ్ల పిల్ల, ఎనిమిదేళ్ల పిల్ల, మళ్లీ వాళ్లే విజయవాడ నుంచి, మళ్లీ వాళ్లే వరంగల్ నుంచి. అందరికీ సగం చార్జీయే. అంతమందిలో నాలుగేళ్లకే బెర్తు అడిగిన పిల్ల మాత్రం ఎప్పుడో జారిపోయింది, ఎవరూ గమనించలేదు.

కొత్తగా చేరిన టెస్టర్ అమ్మాయి అనవసరంగా ఉన్నవన్నీ తీసేసి, జారిపోయిన పిల్లను వెనక్కి తెచ్చి, మళ్లీ ఆరుకు దించింది. సాయంత్రం మేనేజర్ రిపోర్టు తెరిచాడు.

"ఏమ్మా, నిన్న నూట ఇరవై పాసయ్యాయి. ఇవాళ ఆరేనా?"

"సార్, నియమంలో ఉన్న తేడాలే ఆరండీ."

"అది సరే. మిగతా నూట పద్నాలుగు ఫెయిలయ్యాయని క్లయింటుకు ఎలా చెప్పమంటావ్?"

ఫెయిలవలేదు, అసలు లేవని ఆమె ఎంత చెప్పినా ఆయన స్లైడులో గ్రాఫు మాత్రం కిందికే వాలింది. కనబడని టెస్టుల ఆచూకీ తేల్చడం అనే పని ఆమె పేరిట మినిట్స్‌లోకి ఎక్కింది. గడువు శుక్రవారం.