పొగకు రసీదు లేదు

ప్రభుత్వోద్యోగి పదవీ విరమణము చేయునాడు ఆతని మెడలో పూలదండయు, భుజముపై శాలువయు, చేతిలో నో డ్యూస్ సర్టిఫికెట్టును ఉండవలెనని మన పరిపాలనాశాస్త్రము విధించుచున్నది. దండ సాయంకాలమునకు వాడును. శాలువ మరియొకరి సన్మానమునకు వెడలిపోవును. మూడవది మాత్రమే శాశ్వతము. మా వీధి చివర కాపురముండిన లీడింగ్ ఫైర్‌మన్ గారు నల్లగొండ, పాలమూరు జిల్లాలలో ముప్పదియేండ్లు గడ్డివాములు మొదలు పత్తి జిన్నింగు మిల్లుల వఱకు ఆర్పి, 58వ యేట విరమించునప్పుడు, శిరస్త్రాణము, బెల్టు, గంబూట్లు లెక్కప్రకారము అప్పగించి, స్టోరు గుమాస్తాచేత ఒక్కొక్క వస్తువున కెదురుగా టిక్కు పెట్టించుకొనెను. ఎడమకాలి బూటు మడమ అరిగినదని కొంత చర్చయు జరిగెను. కాని ముప్పదియేండ్లుగా పీల్చిన పొగ ఆ పట్టికలో లేకుండుటచే దానిని ఆయన ఇంటికి గొనిపోయెను. సర్కారు సొత్తును అప్పగింపక గొనిపోయినవారిలో ఇంతకంటె నిరపరాధి మఱియొకడు దొరకడు.

డ్యూటీలో ప్రాణములు విడిచినవారికి మన దేశము తల వంచును. 1944లో బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది అగ్నిమాపకులు మరణించిన దినమగుటచే ఏప్రిల్ 14నాడును, 1959లో లదాఖ్ హాట్‌స్ప్రింగ్స్ వద్ద పదిమంది పోలీసులు నేలకొరిగిన దినమగుటచే అక్టోబరు 21నాడును బూరలూది స్మరింతుము, స్మరింపవలసినదే. అయితే మృత్యువు కొందఱియెడ వేళ తప్పి వచ్చును. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెము కడ వోల్వో బస్సు దగ్ధమై 45 మంది మాడిపోయినప్పుడు, ఆ బూడిద నడుమ నిలిచి పనిచేసినవారిలో ఖాకీలవారు నుండిరి, ఫైరింజనువారు నుండిరి. శవములకు పంచనామా జరిగినది. వీరు పీల్చిన గాలికి జరుగలేదు. నార్కట్‌పల్లి చౌరస్తాలో లారీల పొగ మింగుచు వేసవులు గడపిన హెడ్ కానిస్టేబులు గతియు నింతియే. విరమణనాటి సాయంకాలము అయిదు గంటలకు ఊపిరితిత్తులు తమంతట తాము నిర్మలములగునని రూళ్ళ విశ్వాసము.

ఈ సిద్ధాంతమును నల్లగొండవారి యెదుట ప్రతిపాదించుటకు మాత్రము గుండెధైర్యము కావలెను. మర్రిగూడెము వైపున బాల్యమున బోరునీరు త్రాగినవాని ఎముకలు నడివయస్సున వంగుట కన్నులార చూచినవారు వీరు. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును విఱుచు పద్ధతికి లోకమంతటను ‘నల్లగొండ టెక్నిక్’ అనియే పేరు. విషము లోనికి పోవునది యొక యేడు, వెలికి వచ్చునది మఱియొక యేడు అనుట ఇచ్చట పామరులకును తెలిసిన శాస్త్రము. నడుము వంగినవానిని చూచి, ఏ తేదీన త్రాగితివని యడిగినవాడు ఈ జిల్లాలో లేడు.

అమెరికావారు మనవలె నిదానస్థులు కారు కావున తొందరపడిరి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో ఒక్కనాడు 343 మంది అగ్నిమాపకులు మరణింపగా, కూలిన భవనముల ధూళివలన రోగములపాలై పోయిన అగ్నిమాపకుల సంఖ్యయు 2023 నాటికి ఆ 343నే చేరెను. 2004లో ఉద్యోగము వీడి 2006 జనవరిలో కన్నుమూసిన జేమ్స్ జడ్రోగా అను పోలీసు డిటెక్టివు పేరిట 2011లో ఆ ధూళిరోగులకై ఒక చట్టమే వెలసినది. 2022లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ అగ్నిమాపకవృత్తినే క్యాన్సరు కారకముల మొదటి తరగతిలో చేర్చినది. ఆ కాగితమునకు మనయొద్ద ఇంకను ఇన్‌వర్డు నంబరు పడలేదు.

మా ఫైర్‌మన్ గారు చేసిన పొరపాటు మఱియొకటి కలదు. 1980 నాటి రాష్ట్ర పింఛను నియమావళిలోని 50వ నియమము ననుసరించి, విశ్రాంతోద్యోగి మరణించిన పిమ్మట ఏడేండ్లు గాని, బ్రతికియున్నచో ఆయనకు 65 ఏండ్లు నిండువఱకు గాని, ఏది ముందైన అంతవఱకు కుటుంబ పింఛను హెచ్చు రేటున వచ్చును. తరువాత కడపటి జీతములో 30 శాతమే. ఈయన 66వ యేట పోయెను. రూల్సు చదివిన గృహస్థుడు చేయు పనియేనా యిది? బ్రతికినన్నాళ్ళును ఏటేట తాను బ్రతికియున్నానని రుజువు చేసుకొనుచునే యుండెను. కడపటి యేడు ఫోనులో సెల్ఫీ దీయబోగా దగ్గుతెర వచ్చి చేయి వణకి ముఖము చెదరుటచే యంత్రము ఆయన అస్తిత్వమును రెండుమార్లు నిరాకరించెను.

ఆయన పోయిన రెండవ నెలలో, ఆ యిల్లాలికి తోడుగా నేనొక ఖజానా కార్యాలయమునకు పోయితిని. ఏ ఊరిదో చెప్పను. పీపీవో, డెత్ సర్టిఫికెట్టు, జాయింటు ఫొటో, పాసుబుక్కు వరుసగా బల్లమీద పెట్టినది. గుమాస్తా సౌమ్యుడే.

“సర్వీసు బుక్కుల నీ పేరు చివర ‘అమ్మ’ అని ఉన్నది. ఆధార్ల లేదు. ఆ అమ్మ యాడికి పోయిందమ్మా?”

“ఆ అమ్మను నేనే సారూ. గా ఆధారోళ్ళే మర్చిపోయిండ్రు.”

“మీసేవల సరిజేపిచ్చుకోని రాపో.”

ఆమె ఇక నడుగదలచినది అడుగలేక, సంచిలోనుండి పెద్ద గోధుమరంగు కవరు దీసి, అందలి ఎక్స్‌రేను ఆతని చేతికిచ్చినది. ఆతడు దానిని ట్యూబులైటు కెత్తి, తలక్రిందుగా పట్టుకొంటినని గ్రహించి త్రిప్పి, ఊపిరితిత్తుల అడుగున తెల్లతెల్లగా అలముకొనినదానిని కొంతసేపు చూచెను. పిమ్మట చెక్‌లిస్టును చూచెను.

“ఇది ఇండ్ల లేదమ్మా. తీస్కపో.”

బయట మిట్టమధ్యాహ్నము. గొడుగు తెచ్చుకొనలేదు. ఆమె ఆ కవరును కొంగుతో తుడిచి నెత్తిన నీడ పట్టుకొని బస్టాండు వైపు నడచినది.