మోసే చేతులేవయ్యా?

మా రోజుల్లో రేపల్లె పక్క లంకల్లో తాటిచెట్టు మీంచి ఎవడైనా పడితే అంబులెన్సు అంటే నులకమంచమే. నలుగురూ తలో కోడు పట్టుకుని రోడ్డెక్కించేవాళ్లు. ఆ పైన దొరికిందే బండి: ఎడ్లబండో, ట్రాక్టరో, తెనాలి ప్యాసింజరో. తెనాలి చేరాక 'గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి' అనేవాళ్లు. బాపట్ల వాళ్లకైనా గతి గుంటూరే.

చేతులకి కొదవ లేదు గానీ, ఎలా ఎత్తాలో ఒక్కడికీ తెలీదు. మెడ దెబ్బతిన్నవాణ్ణి లేపి కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించడం, గాయంలో కాఫీపొడి కుక్కడం! నడుం విరిగినవాణ్ణి బియ్యం బస్తాలా రిక్షాలో కుదేస్తే, ఆడే కాళ్లు కూడా పడిపోయేవి. తీరా తీసుకెళ్తే, పోలీసు కాగితం లేందే ముట్టుకోమనే డాక్టర్లు. ముందు ప్రాణం, తర్వాతే కేసు అని 1989లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది మరి.

2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలోనే 108 మొదలైంది. బాగుంది, కాదనను. మెడకి పట్టీ వేస్తారు, బల్ల మీద కదలకుండా కట్టి ఎక్కిస్తారు, దారిలోనే ఆక్సిజన్ పెడతారు. మా కాలంలో ఇవుంటే ఎంతమంది మిగిలేవాళ్లో.

బండొచ్చింది, మనుషులే మాయమయ్యారు. 216 హైవే మీద బైకు పడితే చుట్టూ ఎన్ని ఫోన్లో! అన్నీ వీడియోకే. 108కి పక్కవాడు కొట్టే ఉంటాడని ప్రతివాడి ధీమా. అదేంట్రా అంటే, 'సాక్ష్యానికి తిప్పుతారు తాతా' అంటాడు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ పెట్టారు, సాయం చేసినవాణ్ణి పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదురా అంటే వినడు. గంటలోపు ఆసుపత్రికి చేర్చినవాడికి కేంద్రం 25 వేలు ఇస్తానంటోంది ఇప్పుడు. మనిషిని మోసినందుకు డబ్బులిస్తారని మా రోజుల్లో ఎవరైనా అంటే నవ్విపోయేవాళ్లం. ఇక తెనాలి బజార్లో సైరన్ మోగినా బండి పక్కకి తీసేవాడేడి? జరిమానా 10 వేలట, ఎవడికి పట్టింది!

సరే, ఫోను చేతిలోనే ఉందిగా బాబూ. ముందు 108 కొట్టు. ఏ ఊరు దాటాక, ఏ కాలవ వంతెన దగ్గరో విడమరిచి చెప్పు. నెత్తురు కారేచోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టు. అక్కడే ఉంటే ఇంకో బండి గుద్దుతుందనో, మంటలంటుకుంటాయనో భయముంటే తప్ప మనిషిని కదపకు, వచ్చినవాళ్లు ఎత్తుతారు. ఆ తర్వాత తీసుకో నీ వీడియో, అదీ అంబులెన్సుకి అడ్డం నుంచోకుండా.