రెండో ఓటు సూత్రమునకు సీపత్ వ్యాఖ్యానము

మూలము

“రెండో ఓటు చేతికొస్తే మనవాడే రాష్ట్రపతి.”

అవతారిక

బిలాస్‌పూర్ చేరువనున్న సీపత్‌లో, 2,980 మెగావాట్ల విద్యుత్కేంద్రపు పొగగొట్టములు కనుచూపు మేరలో నిలిచియుండగా, చాయ్ దుకాణపు బల్లపై ప్రాతఃకాలమున కొలువుదీరు విశ్రాంత రైల్వే ఉద్యోగులగు ఆంధ్రులు తమ తండ్రులనుండి శ్రుతిరూపమున గ్రహించి నేటికిని వల్లించుచున్న ఈ సూత్రము, 1969 ఆగస్టులో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టినదని ప్రతీతి. కర్త బుకింగు గుమాస్తా యని కొందఱు, గూడ్సు గార్డని కొందఱు. ఋషి తెలియని సూత్రములు లోకమున లేకపోలేదు గనుక ఆ చర్చ మనకు వలదు. ఆ యేడు మే 3న జాకీర్ హుస్సేనుగారు పదవిలో నుండగనే దివంగతులు కాగా, ఖాళీయైన పీఠమునకు నీలం సంజీవరెడ్డిగారు కాంగ్రెసు అధికారిక అభ్యర్థిగను, వి.వి. గిరిగారు ఏ పార్టీ కండువాయు లేకయు, సి.డి. దేశ్‌ముఖ్‌గారు స్వతంత్ర పార్టీ, జనసంఘముల బలముతోను నిలిచినప్పుడు, ఈ కడపటి పక్షమును నమ్మిన మితవాదులు తమ జయాపజయములను తర్కించుకొను సభలో ఇది వెలువడినది.

యూనియను జెండా నీడన పెరిగిన రైల్వేవారిలో మితవాదులెట్లు పుట్టిరని శంక కలుగవచ్చును. బెంగాల్ నాగపూర్ రైల్వే, అనగా వారి నోట బియ్యెన్నార్, శ్రీకాకుళ విజయనగర ప్రాంతములనుండి వీరి పెద్దలను ఇచ్చటికి కొనివచ్చెనే గాని, ఊరిలోని నాలుగెకరముల పల్లపు భూమిని కొనిరాలేదు. ఇదే రైలుమార్గమున నున్న నాగపూరులో 1959 జనవరిలో కాంగ్రెసువారు సహకార వ్యవసాయ తీర్మానము చేసినప్పుడు ఆ నాలుగెకరములు ఒక్కమారుగ గుండెలలో కదలినవి. తత్ఫలముగ అదే యేట పుట్టిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులైన ఆచార్య రంగాగారే 1969 నాటికి లోక్‌సభలో శ్రీకాకుళపు ప్రతినిధి. జీతము యూనియను వలన, భయము భూమి వలన: రెంటిని ఒకే చొక్కా జేబులో నుంచుకొనుట గృహస్థునకు కష్టము కాదు.

టీక

రెండో ఓటు = ఓటరు బ్యాలెటుపై 2 అను అంకెచే సూచించు ద్వితీయ ప్రాధాన్యము; ఎవ్వరికిని మొదటి లెక్కలో సగమునకు మించి రానిచో, కడపటివారిని ఒక్కొక్కరిగ తొలగించి వారి ఓట్లను పంచుటకు ఉపకరించునది. ఇచట ఓటరు అనగా పార్లమెంటు, శాసనసభల ఎన్నికైన సభ్యుడు మాత్రమే. 1969లో పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. నాడు బిలాస్‌పూర్ చేరియుండిన మధ్యప్రదేశ్ శాసనసభ్యునిది 109, ఆంధ్రప్రదేశ్‌వానిది 125. (ఈ పదహారింటి ఆధిక్యమును సభలో ఒకరు సగర్వముగ ప్రకటించిరట, జనాభాను శాసనసభ్యుల సంఖ్యచే భాగించుటలో పరాక్రమమేమున్నదో తెలియదు.) సూత్రకర్త ఓటు విలువ సున్న. అయినను గంటసేపు అరచెను.

చేతికొస్తే = సంశయార్థకము. కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్పగారు స్వతంత్ర, జనసంఘ నాయకులతో మంతనములాడి, దేశ్‌ముఖ్‌గారికి వేయువారు రెండో ఓటు రెడ్డిగారికి వేయవలెనని కోరిన వృత్తాంతము ఇందు గర్భితము. ఈ మంతనమునే కాంగ్రెసులోని ఇందిరాగాంధీ వర్గమువారు ఆయుధముగ గైకొని, ఆత్మప్రబోధము ననుసరించి ఓటు వేయుడని చాటింపు వేసిరి.

మనవాడే = ఇదియే క్లిష్టపదము. పార్టీచేత దేశ్‌ముఖ్‌గారు మనవాడు. ఆయన రిజర్వుబ్యాంకు గవర్నరు, కేంద్ర ఆర్థికమంత్రి, సంస్కృత పండితుడు, అన్నియు నిజమే గాని, గెలుచునని ఆ సభలో ఆయన అభిమానులును అనలేదు. భాషచేత రెడ్డిగారును గిరిగారును ఉభయులును మనవారే. ఉద్యోగముచేత మాత్రము గిరిగారొక్కరే. ఏలయనగా, బియ్యెన్నార్ కార్మికుల సంఘమును నడపిన ఆ బరంపురపు బారిస్టరు పేరు విని ఎదురు చెప్పగల రైల్వేవాని కంఠము నాటి కాలనీలో అరుదు. సూత్రకర్త హృదయము రెడ్డిగారియందే యున్నదని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు.

పూర్వపక్షము

సభలో ఒక వృద్ధుడు లేచి 1967 నాటి రాష్ట్రపతి ఎన్నిక సంగతి యెత్తెను. గోలక్‌నాథ్ తీర్పుచే ప్రాథమిక హక్కులకు కంచె కట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు, తెలుగువారు, పదవి విడిచి ప్రతిపక్షముల అభ్యర్థియై 3,63,971 ఓట్లు తెచ్చుకొనియు జాకీర్ హుస్సేనుగారి 4,71,244 ముందర ఓడిరి గదా, మనకు ఓటమి అలవాటే యని అతని వాదము. దానికి సమాధానముగ, నాడు కాంగ్రెసు ఒక్కటి, నేడు రెండు, అని గార్డుగారు వ్రేళ్లు చూపిరి.

సిద్ధాంతము

ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. గెలుపునకు 4,18,169 కావలెను. కావున ఎవరును గెలువలేదు. రెండో ఓటు నిజముగ చేతికి వచ్చినది. పంపకము ముగియగా రెడ్డిగారికి అదనముగ 91,879, గిరిగారికి 18,562 చేరినవి. అనగా మితవాదుల నాయకులు ఆడిన మాట తప్పలేదు, అనుచరులలో అధికులు గీత దాటలేదు, సభలోని గణితము చాలవఱకు ఫలించినది. అయినను రెడ్డిగారు 4,05,427 వద్ద ఆగిపోగా, గిరిగారు 4,20,077తో రాష్ట్రపతి యైరి. కొఱత పడినది అరువు దెచ్చిన ఓటు కాదు, సొంతయింటి ఓటు. ప్రక్కింటివాడు ఇచ్చునో ఇయ్యడో యని రాత్రులు తర్కించిన సభలో, కాంగ్రెసు సభ్యులెందఱు తమ అభ్యర్థిని విడుతురో యని ఒక్కడును అడుగలేదు.

మరియొక చమత్కారము: గిరిగారును మొదటి లెక్కలో గెలువక, రెండో ఓటు చేతికి వచ్చిన తరువాతనే గెలిచిరి. సూత్రము పదపదమును సత్యమైనది. యూనియనువారు దానిని దొంగిలించి, ఒక్క అక్షరము మార్చక, మిఠాయి పంచుచు పఠించిరని వినికిడి.

పాఠాంతరము

1977లో సంజీవరెడ్డిగారు పోటీ లేకయే రాష్ట్రపతి యైనప్పుడు “మనవాడే రాష్ట్రపతి” అను హ్రస్వపాఠము కొన్నాళ్లు ప్రచారములో నుండెను. సీపత్ బల్లవారు దీనిని అంగీకరింపరు. లెక్కపెట్టుటకు ఓట్లే లేని ఎన్నికను వారు ఎన్నికగా పరిగణింపరు.